డెన్వర్‌లో నీళ్ళు తక్కువ పట్టే తోట, మార్చిలో నాటొచ్చా?

బెజవాడ పెరటితోట:
నమస్తే అండి, మాది విజయవాడ. మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో డెన్వర్‌లో ఇల్లు కొన్నారు, ముందంతా బ్లూగ్రాస్ లాన్, ఎండాకాలం దానికే బోలెడు నీళ్ళు పోతున్నాయంట, అది తీసేసి నీళ్ళు తక్కువ పట్టే మొక్కలు వేద్దాం అమ్మా నువ్వు మార్చిలో వస్తున్నావ్‌గా అంటోంది. మనమైతే తొలకరి పడగానే నాటేస్తాం, ఆ చలిదేశంలో లెక్కేంటో తెలీట్లేదు. దిగగానే నాటొచ్చా? మందారం, బంతి బతుకుతాయా?

గుంటూరు మిద్దెతోట:
మార్చిలో వద్దక్కా! మా తమ్ముడు అక్కడే ఉంటాడు, ఏప్రిల్‌లో కూడా మంచు పడుద్ది, లేత మొక్కలు మే రెండో ఆదివారం దాటాకే నాటుతారు. అప్పటిదాకా ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతుందో, పైకప్పు నీళ్ళు ఎటు జారుతున్నాయో చూసి కాగితం మీద గీయండి. అసలు కిటుకు ఇదే, ఒకేలా నీళ్ళు కావాల్సినవన్నీ ఒకే చోట పెట్టాలి, లేకపోతే ఒక్క దాహం మొక్క కోసం పక్కవాటికి కూడా నీళ్ళు పోస్తూనే ఉండాలి. అక్కడ వాన, కరిగిన మంచు కలిపినా ఏడాదికి 40 సెంటీమీటర్ల లోపే, మన బెజవాడ వానలో సగం కూడా కాదు. పెన్‌స్టెమన్, రష్యన్ సేజ్, యారో లాంటి నీళ్ళు తక్కువ పట్టే పూలమొక్కలు వేస్కోండి. గడ్డి కావాలంటే బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా అనే నీళ్ళు తక్కువ పట్టే గడ్డి రకాలున్నాయి, నేల వేడెక్కాక మే చివర్లో గానీ జూన్‌లో గానీ విత్తనం చల్లాలి, చలికాలం గోధుమరంగుకి తిరుగుద్ది, చచ్చిపోయిందనుకుని పీకేయొద్దు. బంతి మేలో వేస్తే మంచు పడేదాకా పూస్తది, మందారం మాత్రం కుండీలో పెట్టి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందే.

కొరిటెపాడు:
పైన చెప్పిందంతా కరెక్టే, ఇంకోటి, నీళ్ళు తక్కువ అన్నారని మొదటి ఏడాది ఎండగట్టొద్దండి, వేళ్ళు లోపలికి దిగేదాకా డ్రిప్‌తో పెట్టాల్సిందే. మొత్తం కంకర పోసేస్తారు కొంతమంది, ఎండకి అది కాలిపోయి ఇల్లు కూడా వేడెక్కుద్ది, పొదల కింద చెక్కపొట్టు మందంగా పరవండి. చలి ముదరకముందే డ్రిప్ పైపుల్లో నీళ్ళు ఖాళీ చేయాలి, గడ్డకడితే పగిలిపోతాయి. కాలనీ సంఘం ఉంటే లాన్ తీసేముందు ప్లాన్ చూపించి పర్మిషన్ తీస్కోండి.

బెజవాడ పెరటితోట:
చాలా థాంక్సండి. మరి వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకోవచ్చా?

గుంటూరు మిద్దెతోట:
పట్టుకోవచ్చక్కా, కానీ లెక్కుంది. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో 2016 చట్టం ప్రకారం ఇంటికి రెండు డ్రమ్ములే, రెండూ కలిపి 110 గాలన్లు, అంటే 416 లీటర్లు, అది కూడా ఆరుబయట వాడకానికే. మన దగ్గర ఇంకుడు గుంత తవ్వమంటారు గానీ అక్కడ పడ్డ వాన కూడా నది దిగువన నీటి హక్కులున్నవాళ్ళ లెక్కలోకి వస్తది. నర్సరీలో జీరిస్కేప్ (నీళ్ళు తక్కువ పట్టే తోట) మొక్కలు అని అడగండి, 1981లో ఆ పేరు పెట్టింది డెన్వర్ నీళ్ళ సంస్థే, వెంటనే చూపిస్తారు.