గీషా మొక్క మన మన్యంలో వేస్తే ఆ రుచి వస్తుందా?

బెంజిసర్కిల్_బాలు
అందరికీ నమస్కారం. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన గీషా కాఫీ మొక్కలు తెప్పిస్తానంటున్నాడు. చింతపల్లి వైపు రైతులకు ఇచ్చి, పంట మనమే కొనుక్కుందాం, తలా కొంత వేసుకోండి అని అడుగుతున్నాడు. డబ్బు సంగతి తర్వాత. నా ప్రశ్న ఒకటే. ఆ రుచి విత్తనంలో ఉందా, కొండలో ఉందా?

తెలియనివాళ్ల కోసం: గీషా అనేది అరబికా కాఫీలో ఒక రకం. పుట్టిల్లు ఇథియోపియా నైరుతి అడవులు. 1930ల్లో అక్కడ గింజలు సేకరించారు. టాంజానియా పరిశోధన కేంద్రం మీదుగా 1953లో కోస్టారికాకి, 1960ల్లో పనామాకి వెళ్లాయి. కొమ్మలు పెళుసని అక్కడి రైతులు పెద్దగా పట్టించుకోలేదు. 2004లో బొకెటే కొండల్లో పీటర్సన్ కుటుంబం తమ ఎస్మెరాల్డా తోటలోని ఆ చెట్ల పండు విడిగా కోసి పోటీకి పెట్టింది. ఫస్ట్ ప్రైజు, వేలంలో పౌను 21 డాలర్లు! 2019లో పనామాలోనే ఇంకో తోట గీషా పౌను 1,029 డాలర్లు పలికింది.

నేను హైదరాబాద్‌లో తాగాను. పాలు లేవు, పంచదార లేదు, పల్చగా టీ రంగులో ఉంది. వేడిగా ఉన్నప్పుడు ఏమీ అనిపించలేదు. గోరువెచ్చన అయ్యాక మల్లెపూల వాసన, వెనకాల నిమ్మతొక్క లాంటి పులుపు. అప్పట్నుంచి పిచ్చెక్కింది.

డికాక్షన్_రావు
పల్చగా, టీ రంగులో, పూల వాసన. బాబూ, నువ్వు తాగింది టీ.

కృష్ణలంక_కిట్టు
😂😂 రావు గారు మొదలెట్టేశారు

పద్మజ_పటమట
గీషా, పీబెర్రీ ఒకటేనా అండీ? మా పొడి కొట్టతను పీబెర్రీ చాలా గొప్ప రకం అని ఎక్కువ తీసుకుంటాడు.

డికాక్షన్_రావు
పీబెర్రీ రకం కాదమ్మా. మామూలుగా పండులో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని, ఒక పక్క చదునుగా ఉంటాయి. ఒక్కటే పెరిగితే గుండ్రంగా వస్తుంది. అదే పీబెర్రీ. ఏ రకం చెట్టుకైనా కాస్తుంది. నేను ప్లాంటేషన్ ఏ గ్రేడు గింజ సగం, పీబెర్రీ సగం, చికోరీ తగుమాత్రం కలిపించుకుంటాను. మరలోంచి పొడి వేడివేడిగా సంచిలో పడుతుంటే వచ్చే వాసన ముందు ఏ మల్లెపూలూ పనికిరావు.

ఇక బాలు ప్రశ్నకి జవాబు. రుచి ఎత్తులో ఉంది. ఎస్మెరాల్డా వాళ్లు ఆ గీషా పండించింది 1,400 మీటర్ల పైన. మన అరకు తోటలు చాలావరకు 900 నుంచి 1,100. ఎత్తు పెరిగేకొద్దీ చలికి పండు నిదానంగా పండి గింజ గట్టిపడుతుంది. పులుపూ పరిమళమూ దానివల్లే. కాబట్టి రాదు. చర్చ అయిపోయింది.

బెంజిసర్కిల్_బాలు
అయిపోలేదు రావు గారూ. బొకెటే భూమధ్యరేఖకు 9 డిగ్రీల దగ్గర ఉంటే మన అరకు 18 డిగ్రీల దగ్గర ఉంది. రేఖకి దూరం జరిగేకొద్దీ అదే ఎత్తులో చలి ఎక్కువ. వెయ్యి మీటర్ల దగ్గరున్న లంబసింగిలో డిసెంబర్‌లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది కదా. అక్కడి మీటరూ ఇక్కడి మీటరూ ఒకటే లెక్క కాదు.

డికాక్షన్_రావు
మీటరు ఎక్కడైనా మీటరే.

మిర్చియార్డు_మూర్తి
గుంటూరు నుంచి రాస్తున్నా. ఇద్దరూ కొండలెక్కి కొట్టుకుంటున్నారు, విత్తనం ఎవరిదో ఒక్కరూ అడగరు. మా ఇంట్లో ఒక ఏడాది తేజ రకం మిర్చి అని చెప్పి విత్తనం ప్యాకెట్లు అంటగట్టారు. మొక్క ఏపుగా వచ్చింది, పూత కూడా వచ్చింది. కాయ చూస్తే పొట్టి, ఘాటు లేదు. యార్డులో దలారీ ఒక కాయ తుంచి చూసి బస్తా పక్కకి తోసేశాడు. అమ్మినవాణ్ణి నిలదీస్తే మీ నేల బాలేదన్నాడు. అదే నేలలో అంతకుముందు పండింది కదయ్యా అంటే సమాధానం లేదు. కౌలు డబ్బు కూడా రాలేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం.

అందుకే అంటున్నా. రుచి విత్తనంలోనే ఉంది, విత్తనం అసలైనదైతే. గీషా పేరుతో తిరిగేవన్నీ ఒకే చెట్టు సంతానం కాదు. పనామాలో పేరొచ్చింది టి2722 అనే వరస. మీ గ్రూపాయన దగ్గర ఉన్నది అదేనని రుజువేంటి? పైదేశం నుంచి మొక్క తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం పర్మిట్ కావాలి. పర్మిట్ ఉందా? బిల్లు ఉందా?

బెంజిసర్కిల్_బాలు
మూర్తి గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ మిర్చి వేరు, కాఫీ వేరు. అరబికా తన పూత పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి గింజ వేస్తే చాలావరకు తల్లి చెట్టు లాగే వస్తుంది.

మిర్చియార్డు_మూర్తి
తల్లి ఎవరని కదా నేను అడిగింది. బిల్లు ఉందా?

కృష్ణలంక_కిట్టు
బిల్లు ఉందా బాలు అన్నా

డికాక్షన్_రావు
విత్తనం అనే మాటకొస్తే మనకి తక్కువేముంది? పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. బాలెహొన్నూరు పరిశోధన కేంద్రం వాళ్లు 1940ల్లోనే ఎస్.795 అనే అరబికా రకం ఇచ్చారు. కెంట్ రకంతో ఎస్.288ని కలిపి చేసింది. నిండుగా ఉంటుంది, పాలు పోసినా కాఫీ రుచి చావదు. గీషాలో పాలు పోసి చూడు, ఆ పరిమళం ఆరిపోతుంది. పాలకి నిలబడని దానికి వేలం ఏంటి, పౌనుకి వెయ్యి డాలర్లేంటి! అయినా మన్యం వాళ్లకి ఈ తేడాలేం తెలుసు? పండిస్తారు గానీ తాగరు కదా.

చింతపల్లి_చెల్లి
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. ఆ చివరి మాటకి రాస్తున్నాను.

రావు గారూ, మేం తాగుతాం. అమ్మకానికి పోని తాలు గింజలు మా అమ్మ మూకుట్లో నల్లగా వేయించి, రోట్లో దంచి, బెల్లం వేసి కాస్తుంది. మంచి గింజ ఎందుకు తాగరని అడగాలంటే, అది మా ఇంట్లో ఎందుకు మిగలదో ముందు అడగండి.

మాది సిల్వర్ ఓక్ నీడలో చిన్న తోట. ఓక్‌ల మీదికి మిరియం పాకించాం. చెట్లు ఎక్కువ కావేరి అనే కాఫీ రకం, పాతవి కొన్ని ఎస్.795. కావేరి ఎందుకంటే ఆకుతుప్పు తెగులుకి కాస్త ఓర్చుకుంటుంది, తొందరగా కాపుకొస్తుంది. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనబడితే ఇంట్లో అందరికీ టెన్షన్. ఆకు రాలితే వచ్చే ఏడు కొమ్మకి కాపుండదు. ఇప్పుడు ఆ చెట్లు తీసి గీషా వెయ్యమంటారు. మూడు నాలుగేళ్లు పండు చూడం. ఆ నాలుగేళ్లూ మిరియం మీద బతకాలా?

బెంజిసర్కిల్_బాలు
చెల్లెమ్మా, చెట్లు తీయమని ఎవరూ అనలేదు. ఒక మూల వేసి చూద్దాం అంటున్నాం. పంట మేమే కొంటాం. మీ మంచికే కదా?

చింతపల్లి_చెల్లి
ఏ రేటుకి కొంటారు?

బెంజిసర్కిల్_బాలు
మార్కెట్ రేటు కన్నా ఎక్కువే ఇస్తాం.

చింతపల్లి_చెల్లి
ఏ మార్కెట్? చింతపల్లి సంతలో పండు రేటా, పనామా వేలం రేటా? మా తాతల కాలంలో షావుకారు పూత మీదే అడ్వాన్సు ఇచ్చి పండు పట్టుకుపోయేవాడు. ఇప్పుడు గిరిజన సహకార సంస్థ జీసీసీ కొంటోంది, పండు తొక్క తీసే పల్పింగ్ యూనిట్లు వచ్చాయి, మేమే పార్చ్‌మెంట్ (పైపొరతో ఎండిన గింజ) చేసి అమ్ముకుంటున్నాం. 2019లో అరకు అరబికాకి జీఐ ట్యాగ్, అంటే ప్రాంతం పేరుకి చట్టపరమైన గుర్తింపు, వచ్చింది. మా కొండల కాఫీ 2017 నుంచి పారిస్‌లో దుకాణం పెట్టి అమ్ముతున్నారు. అదంతా గీషాతో రాలేదు. ఎర్రగా పండిన పండే ఏరి, కోసిన రోజే పల్పింగ్ చేసి, నేల మీద కాకుండా మంచెల మీద ఆరబెడితే వచ్చింది. పచ్చికాయ, పండు కలిపి కోసి రోడ్డు మీద ఆరబోస్తే మీ టి2722 కూడా మట్టి వాసనే వేస్తుంది.

ఎస్మెరాల్డా వాళ్లకి ఆ ధర ఎందుకొచ్చింది? తోట వాళ్లదే, కోత వాళ్లదే, కడగడం ఆరబెట్టడం వాళ్లదే, వేలం కూడా వాళ్ల పేరు మీదే. మీ ప్లాన్‌లో తోట మాది, నాలుగేళ్ల ఎదురుచూపు మాది, పేరు మీది, వేలం మీది. ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదనే 1/70 చట్టం ఉంది కాబట్టి మా భూమి మీరు కొనలేరు. మొక్కలిచ్చి పంట రాయించుకుంటే కొన్నట్టే కదా?

బెంజిసర్కిల్_బాలు
ఇది అన్యాయం. నేను రుచి గురించి అడిగాను, మీరు నన్ను భూమి కబ్జాదారుణ్ణి చేశారు. పెట్టుబడి మాది, రిస్కు మాది. ఎవరూ డబ్బు పెట్టకపోతే కొత్త రకం ఎలా వస్తుంది?

చింతపల్లి_చెల్లి
రిస్కు మీదైతే రాసివ్వండి. కాపు రాని ఏళ్లకి ఆ మూల భూమికి ఏడాదికింత అని, అమ్మిన ధరలో మా వాటా ఇంత అని, ప్యాకెట్ మీద ఊరి పేరు ఉంటుందని. అప్పుడు మా నాన్నకి నేనే చెప్తాను.

మిర్చియార్డు_మూర్తి
అమ్మాయి సరిగ్గా అడిగింది. మాకూ అప్పుడు ఇలా అడగడం తెలిస్తే బాగుండేది. కాగితం లేకుండా ఒక్క మొక్క కూడా దించనివ్వకమ్మా.

పద్మజ_పటమట
చెల్లీ, మీ తోట కాఫీ మాకు పంపగలరా? పొడి కాదు, గింజలు.

చింతపల్లి_చెల్లి
కోత నవంబర్‌లో మొదలవుతుంది అక్కా. సంక్రాంతి తర్వాత మెసేజ్ పెట్టండి.

డికాక్షన్_రావు
నాకూ ఒక కేజీ. ఎస్.795 గింజలు విడిగా ఉంటే అవే కావాలి. నేను అన్నది మామూలుగా అన్నమాట, దానికింత పట్టింపు అక్కర్లేదు.

చింతపల్లి_చెల్లి
విడిగా కోయాలంటే కూలి ఎక్కువ సార్. రేటు వేరే ఉంటుంది.

డికాక్షన్_రావు
ఎంత?

మిర్చియార్డు_మూర్తి
బాలూ, మీ గ్రూపాయన ఏమన్నాడు?

బెంజిసర్కిల్_బాలు
కాగితం గురించి అడిగాను. "ముందు మొక్కలు దిగనీ, తర్వాత చూద్దాం" అన్నాడు. బిల్లు రేపు అడుగుతా. కానీ రావు గారూ, మీటర్ల దగ్గర మాత్రం మీరు చెప్పింది తప్పే. 18 డిగ్రీల దగ్గర చలి ఎలా ఉంటుందో ఒకసారి జనవరిలో పాడేరు వెళ్లి చూడండి.

డికాక్షన్_రావు
మీటరు మీటరే.