డిస్టోపియా (పీడకల అసుంటి రేపటి లోకం) కథల బలమైన ఆడ పాత్ర: నీళ్ల కార్డు కథకు సలహాలు కావాలె

మూసీగట్టు:
కథ 2080 నాటి నల్లగొండది. బోర్లన్నీ ఎండినయ్. సర్కారు నీళ్లకు కార్డు పెట్టింది, అది ఇంటి మగాయన పేరు మీదనే ఇస్తరు, వేలిముద్ర పడితేనే నీళ్లు. కథానాయికకు 22 ఏండ్లు, తిరుగుబాటు దళంల ఉంటది. తుపాకి పట్టి గోడలు దూకుతది, ఫ్లోరైడ్ నీళ్లను మరిగించి ఊరోళ్లకు తాపుతది. చదివినోళ్లు "మొగోని పాత్రకు ఆడపేరు పెట్టినట్టుంది" అంటున్నరు. ఏడ తప్పుతున్నది?

పాలమూరు పాఠకురాలు:
తుపాకి సంగతి తర్వాత అన్నా. ఆ రూలు రోజూ ఎట్ల అమలైతదో ముందు రాయాలె. మార్గరెట్ అట్వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' (1985)ల ఆడోళ్ల ఖాతాలు ఒక్క దెబ్బకు బందైతయ్, నౌకర్లు పోతయ్, పైసలు మొగనికో దగ్గరి మగ చుట్టానికో మారుతయ్. కథ చెప్పే ఆమెకు అది ఎట్ల ఎరుకైతది? సిగరెట్లు కొనబోతే దుకాణంల కార్డు చెల్లదు. అంత చిన్న జాగల మొదలైతది భయం.

మీ కార్డుకూ ఇసుంటి చిక్కు కావాలె. మొగడు పుణెకు వలస పోయిండు, మరి వేలిముద్ర ఎవరిది? మరిదిది. మరిది బదులుగ ఏమడుగుతడు? వలస పోయే ఊర్లల్ల సగం కార్డులకు వేలిముద్రే దొరకదు, గుమాస్తా ఇరుక్కుంటడు. ఆ సందులనే మీ పిల్ల తెలివి చూపెట్టాలె.

పటిక_సున్నం:
నాయికతో నీళ్లు మరిగించి ఫ్లోరైడ్ తీయించకండి. మరిగిస్తే అది పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతి వాడించండి. సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి పటిక ద్రావణం పోయాలి. నిమిషం పాటు జోరుగా, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పి గంట కదపకుండా ఉంచితే మడ్డి దిగుతుంది, పైతేట తీసుకోవాలి. సున్నం సుమారు పటికలో ఇరవయ్యో వంతు. పటిక మోతాదు మాత్రం నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఆ కొలత తెలిసిన మనిషి ఊరికి ఎంత ముఖ్యమో మీరే ఊహించండి, ఆయుధం అక్కర్లేదు.

ఇంకోటి. ఐదుగురికి తలా 20 లీటర్లంటే 100 లీటర్లు. 15 లీటర్ల బిందెతో ఏడు తిరుగుళ్లు, ఒక్కోదానికి 20 నిమిషాలేసుకున్నా రెండు గంటల పైనే. ఆమె కుట్రలన్నీ నల్లా లైన్లోనే జరగాలి, వేరే తీరిక ఉండదు. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను, మెడ బిగుసుకుంటాయి. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగిన పిల్ల గోడలు దూకుతుంటే ఈ జిల్లా పాఠకుడు నమ్మడు.

దేవరకొండ గుట్ట:
అత్తను మరువకుండ్రి. ఆడోళ్ల మీద కాపలా ఆడోళ్లతోనే పెట్టిస్తది రాజ్యం. లైన్ చూసుకునేందుకు అత్తకు రోజుకొక బిందె ఎక్కువిస్తే, ఆ బిందె మనుమరాలికే పోతుంటే, ఆమెను తిట్టుడు పాఠకునికి కష్టమైతది. అసుంటి అత్త ముందట నాయిక ఏం చేస్తదో అదే ఆమె బలం.

మూసీగట్టు:
అయితే దళం తీసేయాల్నా అక్కా?

పాలమూరు పాఠకురాలు:
వద్దు. దళంల వంట ఎవరు చేస్తున్నరో రాయండి, చాలు. తెలంగాణ సాయుధ పోరాటం 1951ల విరమించినంక ఆడోళ్లను మళ్ల ఇంటికి పొమ్మన్న తీరు 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంల వాళ్ల నోటనే ఉంటది, అది చదివి ఆఖరి అధ్యాయం పట్టుకోండి. కార్డు రద్దైతది, కొత్త కమిటీ కూసుంటది. పటిక కొలత ఆ పిల్లకే ఎరుక. నీళ్ల రిజిస్టర్ల సంతకం ఎవరితోని పెట్టిస్తరు?