నాగార్జునకొండ: అనుపులో మనం చూస్తున్నది అసలుదేనా?

కృష్ణాతీరం: నాగార్జునసాగర్ ఒడ్డున ఉన్న అనుపు వెళ్లొచ్చినవాళ్లంతా "ప్రాచీన విశ్వవిద్యాలయం చూశాం" అంటూ ఫోటోలు పెడుతున్నారు. ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్నది సాగర్ నీళ్ల అడుగున. ఒడ్డున ఉన్నది తెచ్చి పేర్చింది. లోయను ముంచేసి, గుర్తుకు నాలుగు గోడలు మిగుల్చుకుని దాన్నే వారసత్వం అనడం నాకు మింగుడుపడదు.

ఎడమకాలువ: అన్నా, ఆ నీళ్లు లేకపోతే మా మిర్యాలగూడ వైపు ఇంత వరి ఎక్కడిది? 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి జనానికి కావలసింది తిండి.

తవ్వకాలపిచ్చి: ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. 1926లో ఈ చోటు వెలుగులోకి వచ్చాక పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ కొంత తవ్వాడు. లోయ మొత్తం మీద పడి తవ్వింది మాత్రం 1954-60 మధ్య, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో. అదీ మునిగిపోతుందన్న తొందరతోనే! తర్వాత 9 కట్టడాలను, ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపంగా మిగిలిన కొండ మీద తిరిగి కట్టారు, 14 నమూనాలు చేశారు. కొన్ని అనుపుకు చేరాయి.

నా బాధ ఇటుకల గురించి కాదు. బౌద్ధ ఉపాసిక బోధిసిరి శాసనం చూడండి. సింహళ థేరుల (పెద్ద భిక్షువుల) కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం, అంటే స్తూపం ఉన్న పూజామందిరం, కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, అన్నీ ఆ ఒక్క శాసనంలో వస్తాయి. ఆ లోయలోనే బహుశ్రుతీయులు, మహీశాసకులు, అపరమహావినసేలియులు అనే బౌద్ధ శాఖలవాళ్లు ఎవరి విహారంలో వాళ్లు. ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉండేవారో నడిచి తెలుసుకునే వీలు ఇక లేదు. పోయిందంటే అదీ పోయింది.

కృష్ణాతీరం: మరి అక్కడికి వచ్చినవాడికి ఇదెవరు చెబుతున్నారు? "బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు ఇక్కడే పాఠం చెప్పాడు" అని ఒక ముక్క చెప్పి పంపేస్తారు. ఇక్కడి ఇక్ష్వాకు శాసనాల్లో ఆయన పేరే లేదు.

పాతశాసనం: పేరు లేదని సంప్రదాయాన్ని కొట్టిపారేయకండి. ఆయన్ని శ్రీపర్వతంతో ముడిపెట్టేది టిబెట్టు గాథలు. ఆ శ్రీపర్వతం పేరు పైన తవ్వకాలపిచ్చి చెప్పిన బోధిసిరి శాసనంలోనే ఉంది.

కృష్ణాతీరం: కొండ పేరుంటే మనిషి ఉన్నట్టేనా అండీ? జగ్గయ్యపేట శాసనంలో భదంత నాగార్జునాచార్యుడు కనిపిస్తాడు, అదేమో తర్వాతి కాలానిది.

ఎడమకాలువ: నాగార్జునుడి సంగతి మీరు తేల్చుకోండి. లాంచీ ఎక్కే రేవులో మునిగిన లోయ పటం పెద్దది పెట్టించండి. ఏది తెచ్చింది, ఏది నమూనా అని ప్రతి కట్టడం దగ్గరా రాయించండి. దానికి మా కాలువ ఆపక్కర్లేదు కదా?

తవ్వకాలపిచ్చి: పటం సరే తమ్ముడూ. నమూనా అని రాస్తే మాత్రం సగంమంది లాంచీ ఎక్కరని భయపడేవాళ్లే ముందు అడ్డుపడతారు, చూడు.