చెన్నై ఏజెన్సీలతో పోటీ పడే చిన్న సంస్థ మాదిరి డిజైను ఊరికే ఇవ్వాలా?

గీతకారుడు (తిరుపతి): ఇద్దరు మిత్రులతో కలిసి ప్రకటనల సంస్థ నడుపుతున్నాను. నెల జీతానికి డిజైనర్లున్న చెన్నై, బెంగళూరు ఏజెన్సీలు పని చేతికి రాకముందే మూడేసి మాదిరులు చేసి చూపగలవు. మాకు ఒక్క మాదిరికే వారం గడిచిపోతుంది. అందుకని అడ్వాన్సు లేనిదే గీత గీయకూడదని నిర్ణయించుకున్నాను.

అచ్చుయంత్రం (తిరుపతి): ఇరవై రెండేళ్లుగా ప్రెస్సు నడుపుతున్నాను. పెళ్లిపత్రికకైనా, హోటలు బోర్డుకైనా ప్రూఫు చూశాకే ఇక్కడ డబ్బు తీస్తారు.

గీతకారుడు: ప్రూఫు వేరు, మాదిరి వేరు. ఖరారైన పనిలో తప్పులు చూసుకోవడానికి ప్రూఫు. మాదిరి అంటే ఆలోచనంతా ముందే అప్పగించడం. చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు కర్మాగారానికి మూడు లేబుళ్లు ఊరికే చేసి ఇస్తే, పని చెన్నైకి పోయింది. ఆరు నెలల తరువాత అంగడిలో చూసిన డబ్బా మీద పసుపు నేను ఎంచినదే, తోతాపురి కాయ ముక్కు వంపు నేను గీసినదే. 'గుజ్జు'లో జ వత్తు మాత్రం అక్షరం కింద నుంచి జారి పక్కన విడిగా పడి ఉంది. తెలుగు వచ్చిన మనిషి ఒక్కరు ఆ ఫైలు చూసి ఉంటే అలా అచ్చయ్యేది కాదు.

కట్టమంచి (చిత్తూరు): ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేసుకోండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం మీ పని అందుకున్నవారు 45 రోజుల్లోగా మీకు డబ్బు చెల్లించాలి; రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా అడగవచ్చు.

గీతకారుడు: అది ఒప్పుకున్న పనికి. నేను అడుగుతున్నది ఒప్పుకోకముందు చేసే పని గురించి.

అచ్చుయంత్రం: వత్తు ఎక్కడ పడిందో కొనేవాడు చూడడు. పైగా తెలుగు అక్షరం మీ ఒక్కరికే తెలిసినట్టు రాయకండి. మా డీటీపీ అమ్మాయి పన్నెండేళ్లుగా వత్తులు దిద్దుతోంది.

గీతకారుడు: ఆమె పనికి బిల్లులో ఎంత వేస్తున్నారు? 'అచ్చు మా దగ్గర వేయిస్తే డిజైను ఉచితం' అనే బోర్డు మీ ప్రెస్సులోనూ ఉందా? నా కొటేషన్ చూసిన ప్రతివారూ ఆ మాటే నా ముఖాన కొడుతున్నారు. నాకు అసలు అడ్డు చెన్నై కాదు, ఆ బోర్డు.

అచ్చుయంత్రం: ఉంది. ఫ్లెక్సు యంత్రాలు వీధికొకటి వచ్చి చదరపు అడుగు రేటు పడిపోయినప్పుడు, ఆ బోర్డు పెట్టకపోతే నా ప్రెస్సు మూతపడేది. మీకు డిజైనే వృత్తి తమ్ముడూ. నాకు అది యంత్రం ఆగకుండా చూసుకునే దారి.

కట్టమంచి: ఆ అమ్మాయి జీతమెంతో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

గీతకారుడు: బోర్డు తీయమని అడగను. బిల్లులో డిజైనుకు వేరే వరుస వేయండి, దాని ఎదురుగా వంద రూపాయలే రాసినా సరే.

అచ్చుయంత్రం: ఆ వంద చూసి పక్క ప్రెస్సుకు పోయినవాణ్ణి మీరు వెనక్కి పిలుచుకొస్తారా?