పాత శనగలు ఉడకకపోవడం: తప్పు ప్రోటీన్‌దా, పెక్టిన్‌దా?

పప్పుగుత్తి: పాత శనగలు రాత్రంతా నానినా ఉడకవు. గింజ కణాల్లో ప్రోటీన్ నిల్వ ఉండే ప్రోటీన్ బాడీల్లోని గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌లు బిగుసుకోవడమే కారణం. ఉప్పు ముందే వేస్తే ఇంకా గట్టిపడతాయి.

మైక్రోటోమ్: రెండూ తప్పే. ఉడికిన గింజను నలిపి, కణాలను అతికించే జిగురైన పెక్టిన్‌కు ఎర్రరంగు పట్టించే రుథీనియం రెడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. కణాలు దేనికది విడిపోయి ఉంటాయి, పిండి రేణువులూ ప్రోటీనూ లోపలే ఉంటాయి. ఉడకని గింజలో కణాల మధ్య పెక్టిన్ కరగలేదు, అంతే. ఉప్పంటారా, లీటరు నీళ్లకు 10–15 గ్రాములు వేసి 10 గంటలు నానబెట్టండి. పెక్టిన్‌ను పట్టుకున్న కాల్షియం, మెగ్నీషియంల చోట సోడియం చేరి గింజ తొందరగా మెత్తబడుతుంది. పైగా గ్లోబ్యులిన్ పల్చటి ఉప్పునీళ్లలో కరిగేదేగా!

బోరునీళ్లు: అందుకేనా బోరు నీళ్లలో కొత్త పప్పు కూడా మొండికేసేది?

మైక్రోటోమ్: అందుకే. అక్కడా కాల్షియమే.

బీజదళం: "ప్రోటీన్ బాడీ" అనడం ఆపండి. మొక్కజొన్నలో జెయిన్ అనే ప్రోటీన్ తను తయారయ్యే ఈఆర్‌లోనే (కణంలోని పొరల వలలోనే) ముద్దకడుతుంది, ఆ పేరు దానికి తగును. పప్పుల్లో లెగ్యుమిన్, విసిలిన్ అనే గ్లోబ్యులిన్‌లు గరుకు ఈఆర్ మీద తయారై, ప్రోటీన్‌లను సర్ది పంపే గాల్జీ మీదుగా వాక్యూల్ అనే నిల్వసంచికి చేరతాయి. ఆ వాక్యూలే చిన్న చిన్నవిగా విడిపోతుంది, వాటిని ప్రోటీన్ వాక్యూల్‌లు అనాలి.

పప్పుగుత్తి: పేరు మారిస్తే పప్పు ఉడుకుతుందా? పాతబడ్డ గింజలో ఉప్పునీటికి కరిగే ప్రోటీన్ తగ్గుతుంది. దానికి జవాబేది?

మైక్రోటోమ్: తగ్గుతుంది. అయినా కణాలు విడిపోకుండా పట్టింది అది కాదని చెప్పాక మళ్లీ అదే పాటా?

పప్పుగుత్తి: అరవకండి. కొత్త గింజ ఉడికిందిగా, ఇప్పుడా కాల్షియం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

మైక్రోటోమ్: ఫైటేట్ నుంచి, అంటే గింజ భాస్వరాన్ని, కాల్షియం, మెగ్నీషియంలను దాచుకునే పదార్థం నుంచి. 30 డిగ్రీలు దాటిన వేడి, తేమ ఉన్న గోదాంలో నెలల తరబడి ఉంటే ఫైటేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. వదిలిన కాల్షియం, మెగ్నీషియం కణాల గోడల దాకా జారి పెక్టిన్‌ను బిగిస్తాయి.

పప్పుగుత్తి: ఫైటేట్ ఉండేదెక్కడో?

బీజదళం: ప్రోటీన్ వాక్యూల్లోనే. వేరుశనగలో గ్లోబాయిడ్‌లనే గుండ్రటి రేణువులుగా కనబడుతుంది. సోయాలో చాలామటుకు ప్రోటీన్‌లోనే కలిసి ఉంటుంది.

పప్పుగుత్తి: నేనన్నదీ అదే!

మైక్రోటోమ్: మీరన్నది సరుకు బిగిసిందని. పాడైంది అదే సంచిలోని వేరే సరుకు.

బీజదళం: ఒకరు గోదాం సంగతి, ఒకరు గిన్నె సంగతి మాట్లాడుతున్నారు.

పప్పుగుత్తి: గోదాం సంగతే అసలుది. గిన్నెలో సోడా వేసి సరిపెట్టుకునే వాళ్లకు అది పట్టదు.

మైక్రోటోమ్: సోడా నేనెక్కడ వేయమన్నాను? పెక్టిన్ కరుగుతుంది కానీ థయమిన్ (విటమిన్ బి1) పోతుంది.

బోరునీళ్లు: చింతపండు ఎప్పుడు వేయాలి?

మైక్రోటోమ్: ఉడికాకే. పులుపులో పెక్టిన్ కరగదు.