కామన్ లిస్ప్ ప్రోగ్రామ్‌ని ఒకే ఫైల్‌గా ఇవ్వడం: --హెల్ప్ గోల, ప్రశ్నార్థకాలు, 40 ఎంబీ

యతిప్రాస:
పద్యం ఇస్తే గురులఘువులు గుర్తించి గణాలు చెప్పే చిన్న కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ ఇది, ఎస్‌బీసీఎల్‌లో (ఒక కామన్ లిస్ప్ కంపైలర్) రాసింది. లిస్ప్ లేనివాళ్లూ వాడుకోవాలని సేవ్-లిస్ప్-అండ్-డైతో (నడుస్తున్న లిస్ప్‌ని ఫైల్‌గా దాచే ఫంక్షన్) ఒకే ఫైల్ చేశాను. --హెల్ప్ కొడితే నా సందేశం కాకుండా ఎస్‌బీసీఎల్ సొంత హెల్ప్ వస్తోంది. సైజు 40 ఎంబీ దాటింది. స్ట్రిప్ (ఫైల్లో అనవసర భాగాలు తీసేసే కమాండ్) చేస్తే బాగా తగ్గింది గానీ "కోర్ ఫైల్ దొరకలేదు" అని ఆగిపోతోంది. ఉబుంటు 24.04లో కట్టింది డెబియన్ 11లో గ్లిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) వెర్షన్ లేదని మొరాయించింది. అక్కడే (ఎస్‌బీసీఎల్ 2.1.1) కడితే నడుస్తోంది, కానీ క్రాన్‌లో (వేళకి ప్రోగ్రామ్‌లు నడిపే సేవ) పెడితే తెలుగంతా ప్రశ్నార్థకాలే. లైసెన్స్ జీపీఎల్ 3 పెడదామని ఉంది. ఏమైనా ఇబ్బందా?

బ్రాకెట్_బాబాయ్:
ముందు స్ట్రిప్ సంగతి. ఈ ఫైల్లో ముందుండేది చిన్న సీ రన్‌టైమ్. మీ లిస్ప్ ఇమేజ్ (లిస్ప్ మెమరీ నకలు, "కోర్" అన్నది ఇదే) అంతా దాని తోకకి అతికించి ఉంటుంది. స్ట్రిప్‌కి ఆ తోక చెత్తలా కనిపించి కోసేస్తుంది. రేపు డెబ్ ప్యాకేజీ చేస్తే ప్యాకేజీ కట్టేటప్పుడు నడిచే డీహెచ్-స్ట్రిప్ కూడా ఇదే పని చేస్తుంది, రూల్స్ ఫైల్లో దాన్ని ఖాళీగా ఓవర్‌రైడ్ చేయండి.

--హెల్ప్, --వెర్షన్ మీ కోడ్ దాకా రాకుండానే రన్‌టైమ్ మింగేస్తోంది. సేవ్-లిస్ప్-అండ్-డైలో సేవ్-రన్‌టైమ్-ఆప్షన్స్‌కి టీ (లిస్ప్‌లో "అవును") ఇస్తే ఆర్గ్యుమెంట్లన్నీ మీకే వస్తాయి. ఒక మెలిక: కట్టేటప్పుడు ఎస్‌బీసీఎల్‌ని ఏ డైనమిక్-స్పేస్-సైజ్‌తో (మెమరీ పరిమితి) లేపారో అదే ఫైల్లో స్థిరపడిపోతుంది. దీనికన్నా సుఖమైన దారి, ఏఎస్‌డీఎఫ్ (లిస్ప్ బిల్డ్ సాధనం) సిస్టమ్ నిర్వచనంలో బిల్డ్-ఆపరేషన్‌గా ప్రోగ్రామ్-ఆప్ పెట్టి, బిల్డ్-పాత్‌నేమ్, ఎంట్రీ-పాయింట్ రాయడం. పై ఆప్షన్ అదే చూసుకుంటుంది. ఆర్గ్యుమెంట్లు దాంతోపాటు వచ్చే యూఐఓపీ లైబ్రరీలోని కమాండ్-లైన్-ఆర్గ్యుమెంట్స్‌తో తీసుకోండి.

స్లైమ్ (ఈమాక్స్‌లో లిస్ప్ రాసే వాతావరణం) లోపలినుంచి మాత్రం కట్టకండి. దాని థ్రెడ్లు నడుస్తుంటాయి కాబట్టి ఇమేజ్ సేవ్ కాదు. మేక్‌ఫైల్లో ఎస్‌బీసీఎల్‌ని --నాన్-ఇంటరాక్టివ్‌గా పిలవాలి.

కన్స్_సెల్:
సైజు గురించి మరీ బెంగ వద్దండి. కంపైలర్‌తో సహా మొత్తం లిస్ప్ అందులో ఉంది. కోర్ కంప్రెషన్ పెట్టుకుంటే నాలుగో వంతుకి దగ్గరగా వస్తుంది, కాకపోతే ఆ ఫీచర్‌తో కట్టిన ఎస్‌బీసీఎల్ ఉండాలి (2.2.6 నుంచి అది జెడ్‌స్టాండర్డ్, అంతకుముందు జెడ్‌లిబ్). పైగా లేచిన ప్రతిసారీ విప్పుకోవాలి. ఒక్క పద్యం చూసి ముగిసే ప్రోగ్రామ్‌కి ఆ ఆలస్యం చిరాకే. ఫైల్‌ని అలాగే ఉంచి టార్ ఎక్స్‌జెడ్‌గా ఇవ్వండి, డౌన్‌లోడ్ చిన్నదవుతుంది, పరుగు తగ్గదు.

గ్లిబ్‌సీ విషయంలో మీరు చేసిందే సరైనది. పాతదానిమీద (డెబియన్ 11లో 2.31) కట్టింది కొత్తదానిమీద (ఉబుంటు 24.04లో 2.39) నడుస్తుంది, తిరగేస్తే నడవదు.

ప్రశ్నార్థకాలకి కారణం లొకేల్ (సిస్టమ్ భాష, ఎన్‌కోడింగ్ అమరిక). క్రాన్‌కి ల్యాంగ్ వేరియబుల్ చాలాసార్లు ఉండదు, పాత ఎస్‌బీసీఎల్ ఎన్‌కోడింగ్‌ని అక్కడినుంచే తీసుకుంటుంది. తర్వాతి వెర్షన్లలో డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది, అయినా దాన్ని నమ్ముకోవద్దు. ఎంట్రీ-పాయింట్ మొదట్లోనే మేక్-ఎఫ్‌డీ-స్ట్రీమ్‌తో డిస్క్రిప్టర్ 1 (ప్రోగ్రామ్ అవుట్‌పుట్) మీద యూటీఎఫ్-8 స్ట్రీమ్ తెరిచి, స్టాండర్డ్-అవుట్‌పుట్‌కి లెట్‌లో కట్టేయండి. ఆ లెట్ దాటేముందు ఫినిష్-అవుట్‌పుట్ మరిస్తే చివరి పాదాలు బఫర్లోనే పోతాయి. ఇన్‌పుట్‌కీ, డిస్క్రిప్టర్ 0 మీద, ఇదే చేయాలి.

యతిప్రాస:
ప్రోగ్రామ్-ఆప్‌తో --హెల్ప్ దారిలో పడింది, థాంక్సండీ. ఇంకోటి: అక్షరాలు విడగొట్టడానికి ఎస్‌బీ-యూనికోడ్ గ్రాఫీమ్స్ (యూనికోడ్ నియమాలతో అక్షరాలు విడదీసే ఫంక్షన్) వాడుతున్నాను. కొన్ని పాదాల్లో గణాలు తప్పుతున్నాయి.

పొల్లు_హల్లు:
తప్పక ఏమవుతాయి! "పద్మ" ఇచ్చి చూడండి: ప, ద్, మ అని మూడు ముక్కలొస్తాయి. ఛందస్సుకి కావలసింది ప, ద్మ రెండే, సంయుక్తాక్షరానికి ముందున్నది కాబట్టి ప గురువు. "స్త్రీ" కూడా మూడు ముక్కలవుతుంది. లెంగ్త్ అడిగితే ఆరు, అవి కోడ్‌పాయింట్లు.

గ్రాఫీమ్స్ వదిలేసి మీరే ఒక లూప్ రాసుకోండి, ఇరవై లైన్లు కూడా కాదు. హల్లు తర్వాత పొల్లు (యూ+0సీ4డీ) వచ్చి, వెంటనే ఇంకో హల్లుంటే రెండూ ఒకే అక్షరం. పొల్లు తర్వాత ఖాళీ, పాదాంతం, లేదా కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ (యూ+200సీ) వస్తే ఆ పొల్లు హల్లుని ముందు అక్షరానికి అంటించి దాన్ని గురువు చేయాలి. "రామున్"లో "మున్" ఒకే గురువు. సున్న, విసర్గ కూడా అంతే. అరసున్న మాత్రం గురువు చేయదు, చాలామంది దాన్నీ సున్నతో కలిపేస్తారు.

బ్రాకెట్_బాబాయ్:
లైసెన్స్ మిగిలింది. కోడ్ మీది, జీపీఎల్ 3 హాయిగా పెట్టుకోండి. చూడాల్సింది మీరు లోడ్ చేసే లైబ్రరీలు, ఎందుకంటే అన్నీ ఆ ఒక్క ఇమేజ్‌లోకే వెళ్తాయి. అపాచీ 2 లైబ్రరీ జీపీఎల్ 3తో కుదురుతుంది, "జీపీఎల్ 2 మాత్రమే" అన్నదానితో కుదరదు. లిస్ప్‌లో "లింక్ చేయడం" అంటే ఏమిటో ఎల్‌జీపీఎల్ (లైబ్రరీలకి సడలించిన జీపీఎల్) మాటల్లో తేలదనే లిస్ప్ కంపెనీ ఫ్రాంజ్ వాళ్లు ఎల్ఎల్‌జీపీఎల్ (లిస్ప్‌కి తగిన ఎల్‌జీపీఎల్) ముందుమాట రాశారు. సీలిస్ప్ (ఇంకో కామన్ లిస్ప్) జీపీఎల్‌లోకి వచ్చింది కూడా రీడ్‌లైన్ (జీపీఎల్ కింద ఉన్న లైబ్రరీ) కలపడంతో మొదలైన వాదన వల్లే. ఎస్‌బీసీఎల్ చాలావరకు పబ్లిక్ డొమైన్, కొన్ని భాగాలు బీఎస్‌డీ తరహావి. దాని కాపీయింగ్ ఫైల్ కూడా టార్‌లో పెట్టండి.