పదమూడేళ్ళ బాబుకి గురక: ముందు ముక్కు చూపించాలా, దవడ ప్లేటు పెట్టించాలా?

కొబ్బరితోట:

అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా బాబుకి పదమూడు నిండాయి. ఎనిమిదో తరగతి, రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు వాడి పక్కన పడుకున్న మా అత్తగారు ఒక విషయం చెప్పారు. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి ఆగిపోతాడంట. ఛాతీ ఎగురుతూనే ఉంటుంది, ఊపిరి చప్పుడు మాత్రం ఉండదంట. కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా గాలి పీల్చుకుని అటు తిరిగి పడుకుంటాడంట. ఆ తర్వాత నేను కూడా మేలుకుని చూశాను, అత్తయ్య చెప్పినట్టే ఉంది. చలికాలంలో కూడా చెమటకి తలగడ తడిసిపోతోంది. పొద్దున్న లేవగానే తలనొప్పి, నోరెండిపోయింది అంటాడు. హాస్టల్లో స్టడీ అవర్లో నిద్రపోతున్నాడని వార్డెన్ గారు ఫోన్ చేసి చెప్పారు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు, ఇప్పుడు మార్కులు పడిపోయాయి.

చిన్నప్పటి నుంచీ వాడికి ముక్కు దిబ్బడే. మా ఊళ్ళో కొబ్బరి పీచు దుమ్ము ఎక్కువ, దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెడతారు, రాత్రి దోమల చక్రం సరేసరి. కింది దవడ కొంచెం వెనక్కి ఉంటుంది. పై పళ్ళు ఎత్తు, పెదాలు కలవవు. మనిషి సన్నమే, బరువు ఎక్కువేం లేదు.

అమలాపురంలో ఒక పళ్ళ డాక్టరు గారు దవడ ముందుకి తెచ్చే ప్లేటు పెడితే గురక కూడా పోతుందన్నారు. ఇంకొకరు నాలుగు పళ్ళు తీసి క్లిప్పులు వేద్దామన్నారు. ఈఎన్‌టీ డాక్టరు గారు అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే కండ) కొద్దిగా ఉన్నాయని ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు. మావారేమో చదువు మధ్యలో ఇవన్నీ ఎందుకు, టెన్త్ అయ్యాక చూద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. రాత్రిళ్ళు వాడు హాస్టల్లో ఎలా పడుకున్నాడో అని నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు:

మాది పాలకొల్లు అండి. మా పాపకి పదకొండేళ్ళప్పుడు ఇలాగే ఉండేది. దానికి అడినాయిడ్స్ బాగా పెద్దవి, ముందు అవి తీయించాం. గురక చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అంగిలి ఇరుకుగా ఉందని తర్వాత పై దవడ వెడల్పు చేసే మెషీన్ పెట్టారు. మధ్యలో చిన్న మర ఉంటుంది, ఇంట్లో మనమే తాళంచెవిలాంటి దాంతో తిప్పాలి. ఒకసారి తిప్పితే పావు మిల్లీమీటరు అన్నారు. కొన్నాళ్ళకి ముందు పళ్ళ మధ్య సందు వచ్చేసరికి నాకు భయం వేసింది. ఎముక తెరుచుకుంటున్నట్టు గుర్తు అది, మంచిదే, పళ్ళు వాటంతటవే దగ్గరికి వస్తాయన్నారు. అలాగే వచ్చాయి. తిప్పడం అయిపోయాక కూడా ఎముక గట్టిపడాలని కొన్ని నెలలు నోట్లోనే ఉంచారు.

మొదట్లో మాట ముద్దగా వచ్చేది, లాలాజలం కారేది. అన్నం మెతుకులు మెషీన్‌లో ఇరుక్కుంటాయి. పూతరేకులు మాత్రం పెట్టకండి, అంగిలికి అంటుకుని వచ్చి చావవు. ఇప్పుడు పాప నోరు మూసుకుని పడుకుంటోంది. చలికాలం వస్తే ముక్కు స్ప్రే మాత్రం వాడుతున్నాం. మీరు ధైర్యంగా ఉండండి, దారి ఉంది.

లంకఊరి డాక్టరు:

అమ్మా, నేను ఆర్థోడాంటిస్టుని, అంటే పళ్ళ వరస, దవడ తీరు సరిచేసే డాక్టర్ని. సొంతూరు రాజోలు దగ్గర, ప్రాక్టీసు భీమవరంలో. బాబుని చూడకుండా ఫలానా వైద్యం చేయించండి అని చెప్పను. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం చెప్పగలను. మీ ముగ్గురు డాక్టర్ల మాటల్లోనూ కొంత నిజం ఉంది, వరసే కుదరలేదు.

మీ అత్తగారు గమనించిన సంగతి చాలా విలువైనది. ఛాతీ ఎగురుతోందంటే ఒళ్ళు ఊపిరి కోసం ప్రయత్నిస్తోందన్న మాట. చప్పుడు లేదంటే గొంతులో దారి మూసుకుపోయిందన్న మాట. దీన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటాం. పిల్లల్లోనూ ఇది వస్తుందని స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1976లో ఎనిమిది మంది పిల్లల వివరాలతో రాశారు. ఇన్నేళ్ళయినా మన వైపు గురక పెట్టే పిల్లాడిని చూసి ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నాడని ముచ్చటపడేవాళ్ళున్నారు. ఆ రాత్రంతా మెదడు మేలుకుంటూనే ఉంటుంది. పగలు వాళ్ళకి మనం సోమరి అనో, మతిమరుపు అనో పేరు పెడతాం. మీ బాబు మార్కులు పడిపోవడానికి ఇదే కారణం అయివుండచ్చు. దయచేసి వాణ్ణి తిట్టకండి.

ముందు చేయించాల్సింది స్లీప్ స్టడీ. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి మెదడు తరంగాలు, ముక్కు దగ్గర గాలి, ఛాతీ కదలిక, రక్తంలో ఆక్సిజన్, గుండె అన్నీ కలిపి చూస్తారు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేక తగ్గింది అన్న లెక్క వస్తుంది. పెద్దవాళ్ళలో గంటకి 5 లోపు ఉంటే మామూలు అంటారు. పిల్లల్లో 1 దాటితేనే తేడా ఉన్నట్టు, 10 దాటితే తీవ్రం. పదమూడు దాటిన పిల్లలకి కొన్ని ల్యాబుల్లో పెద్దవాళ్ళ నియమాలతో లెక్కపెడతారు. రిపోర్టు చేతికొచ్చాక ఏ నియమంతో చూశారని తప్పకుండా అడగండి, లేకపోతే 3, 4 వచ్చినా నార్మల్ అనేస్తారు. ఇంట్లో వేలికి తగిలించి చేసే చిన్న టెస్టు పిల్లల్లో జబ్బు నిర్ధారణకి వాడొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో చెప్పింది. కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, విశాఖ పెద్దాసుపత్రుల్లో ముందు ఫోన్ చేసి, పిల్లలకి చేసిన అనుభవం ఉందా అని అడిగి బయల్దేరండి. ఈలోపు బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా తీసి ఛాతీ కనపడేలా, చప్పుడు వినపడేలా ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరుకి అది చాలా ఉపయోగపడుతుంది.

రెండోది, గాలి ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం. ముక్కులో కండ వాపు ఉండచ్చు, వెనకాల అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్, ఇరుకు అంగిలి, దవడ చిన్నదైతే వెనక్కి పడే నాలుక. ఒకే పిల్లాడిలో ఇవి రెండు మూడు కలిసి ఉండటం మామూలే. కాలవ గట్లు ఎంత వెడల్పు చేసినా గుర్రపుడెక్క తియ్యకపోతే నీరు శివారు చేలకి చేరదు కదా, ఇదీ అంతే. అందుకని ఈఎన్‌టీ డాక్టరు గారు ఎక్స్‌రే చూసి కొద్దిగా అన్నారా, ముక్కులో సన్న గొట్టం పెట్టి చూసి అన్నారా కనుక్కోండి. స్ప్రే రాశారు కాబట్టి చెప్పినన్నాళ్ళు రోజూ కొట్టించండి, రెండు రోజులు కొట్టి మానేస్తే పనిచేయదు. దోమల చక్రం ఈ రోజే మానేసి దోమతెర కట్టండి.

అడినాయిడ్స్, టాన్సిల్స్ తీయడం గురించి 2013లో అమెరికాలో పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల మీద చేశారు. ఏడు నెలల తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం మందికి, ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉన్నవాళ్ళలో 46 శాతం మందికి స్లీప్ స్టడీ మామూలుకి వచ్చింది. అంటే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది, అయినా కొందరికి మిగిలిపోతుంది. అలా మిగిలిన పిల్లల్లో దవడ తీరు, బరువు, అలర్జీ చూడాలి. మా పని అక్కడ మొదలవుతుంది.

ఇక మూడోది ప్లేటు. పేరు చెప్పలేదు కానీ మీరు రాసిన దాన్ని బట్టి ట్విన్ బ్లాక్ అయివుంటుంది. స్కాట్లండ్‌లో విలియం క్లార్క్ అనే ఆర్థోడాంటిస్టు 1977లో మొదలుపెట్టాడు. పైన ఒకటి, కింద ఒకటి ప్లేట్లు, వాటి మీద ఏటవాలు దిమ్మలు. నోరు మూస్తే కింది దవడ ముందుకే వచ్చి కూర్చుంటుంది. అన్నం తినేటప్పుడు కూడా పెట్టుకునే ఉండాలి, దాదాపు ఏడాది పడుతుంది. దవడతో పాటు నాలుక ముందుకి వస్తే వెనక గాలి దారి పెరుగుతుంది. కొంతమంది పిల్లల్లో ఊపిరి ఆగడం తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనల్లో కనపడింది, నా దగ్గరికి వచ్చిన పిల్లల్లోనూ చూశాను. అందరిలో తగ్గదు. వచ్చే మార్పులో కొంత దవడది, చాలావరకు పళ్ళు వంగడం వల్ల వచ్చేది. గురక పోతుందని ముందే మాట ఇవ్వడం తప్పు. బాబుకి ప్లేటు పెట్టించడానికి ఎత్తు పళ్ళు, వెనక్కి ఉన్న దవడ చాలిన కారణాలు. ఊపిరికి మేలు జరిగిందా లేదా అన్నది ప్లేటు పని అయ్యాక మళ్ళీ స్లీప్ స్టడీ చేయిస్తేనే తెలుస్తుంది.

మీవారి మాటతో మాత్రం నేను ఒప్పుకోను. మగపిల్లల్లో ఒళ్ళు వేగంగా పెరిగే కాలం సుమారు పన్నెండు నుంచి పధ్నాలుగు, పదిహేనేళ్ళ మధ్య. ఈ ప్లేటు ఆ పెరుగుదలని వాడుకుని పనిచేస్తుంది. టెన్త్ అయ్యేసరికి ఆ అదను దాటిపోవచ్చు. ఎదుగుదల ఆగాక ఎముకని ముందుకి తేవాలంటే ఆపరేషనే. పక్క నుంచి తీసే సెఫలోమెట్రిక్ ఎక్స్‌రేలో మెడ ఎముకల ఆకారం చూస్తే ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది, దవడ తీరు, అడినాయిడ్స్ నీడ కూడా కనపడతాయి. ఆ ఎక్స్‌రే మెలకువగా నిలబడి ఉన్నప్పుడు తీసేది. దాన్ని చూపించి మీ వాడికి ఆప్నియా ఉందనో లేదనో ఎవరన్నా చెప్తే నమ్మకండి. అంగిలి వెడల్పు చేసే మెషీన్ సంగతీ అంతే, ఇరుకు ఉన్నవాళ్ళకే. 2004లో ఇటలీ వాళ్ళు గిల్మినోతో కలిసి 31 మంది పిల్లల్లో మంచి ఫలితాలు చూపించారు. వాళ్ళు ఎంచుకున్నది ఇరుకు పై దవడ ఉండి, అడినాయిడ్స్ పెరగని, లావు లేని పిల్లల్ని. ఆ ఫలితం చూసి అందరికీ పెట్టేస్తామంటే కుదరదు.

పంటు రేవు:

డాక్టరు గారూ, నాదీ ఒక డౌట్ అండి. క్లిప్పుల కోసం నాలుగు పళ్ళు తీస్తే నాలుకకి చోటు తగ్గి నిద్రలో ఊపిరి ఆగిపోతుందని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. మా అమ్మాయికి నరసాపురంలో తీయించాం. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, నోటికి టేపు వేసి పడుకోబెడితే ముక్కుతో పీల్చడం అలవాటవుతుందంటున్నారు, నిజమేనా?

లంకఊరి డాక్టరు:

టెన్షన్ పడకండి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో 5,584 మంది ఆరోగ్య రికార్డులు చూశారు. పళ్ళు తీసినవాళ్ళకీ తీయనివాళ్ళకీ ఆప్నియా విషయంలో తేడా కనపడలేదు. అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో ఇచ్చిన పత్రం కూడా పళ్ళు తీయడం వల్ల ఆప్నియా వస్తుందనడానికి ఆధారం లేదనే అంది. మీ అమ్మాయి హాయిగా నిద్రపోతుంటే చేయాల్సింది ఏమీ లేదు.

కొబ్బరితోట గారి బాబు సంగతి వేరు. వాడికి కింది దవడే చిన్నది కాబట్టి పళ్ళు తీసే నిర్ణయం ఎదుగుదల చూశాక, దవడ ముందుకి తెచ్చే అవకాశం వాడుకున్నాక తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నోటికి టేపు వద్దే వద్దు. ముక్కు దిబ్బడ ఉన్న పిల్లాడికి గాలి వెళ్ళే దారి నోరొక్కటే. అదీ మూసేస్తామా?

కొబ్బరితోట:

డాక్టరు గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మీరు రాసిందంతా మావారికి చదివి వినిపించాను. అదను దాటిపోతుందన్న మాట దగ్గర ఆగి మళ్ళీ చదవమన్నారు. స్లీప్ స్టడీకి కాకినాడలో కనుక్కుంటున్నాం. ఒక్కటే బెంగ, వాడు హాస్టల్లో ఉంటే రోజంతా ప్లేటు పెట్టుకుంటాడా? ఎవరు చూస్తారు?

లంకఊరి డాక్టరు:

మంచి ప్రశ్న అమ్మా. ప్లేటు పనిచేయకపోవడానికి పెట్టుకోకపోవడమే పెద్ద కారణం. మొదలుపెట్టేది వేసవి సెలవుల్లో పెట్టుకోండి. మొదటి వారం, పది రోజులు దవడ నొప్పి, మాట తడబడటం ఉంటాయి, అవి మీ కళ్ళ ముందు గడిచిపోతాయి. వార్డెన్ గారికి డాక్టరు చేత ఒక ఉత్తరం రాయించి ఇవ్వండి. తీసినప్పుడు పెట్టుకోవడానికి డబ్బా కొనండి, కాగితంలో చుట్టి కంచం పక్కన పెడితే చెత్తబుట్టలోకి పోతుంది. నెలా, నెలన్నరకి ఒకసారి చూపించాలి కాబట్టి రాజమండ్రి దగ్గరే వైద్యం పెట్టుకోండి. రాజానగరంలో డెంటల్ కాలేజీలున్నాయి, వాటిలో ఆర్థోడాంటిక్స్ విభాగాలు ఉంటాయి, హాస్టల్ నుంచి తేలిగ్గా వెళ్ళి రావచ్చు. బాబుతో మీరే కూర్చుని ఇదంతా ఎందుకో చెప్పండి, పదమూడేళ్ళవాడు అర్థం చేసుకుంటాడు. స్లీప్ స్టడీలో గంటకి 10 దాటి వస్తే మాత్రం వేసవి దాకా ఆగకండి, ఆ వారమే ఈఎన్‌టీ డాక్టరు గారిని కలవండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తాను.